గాల్లో కట్టిన ముడుపు

మా చిన్నమ్మ వేసిన ముడి మళ్ళీ విడిపోయిన దాఖలా మా వంశంలో లేదు.

తిరుపతిలో అలిపిరి పోయే దారిలో ఆమెకు ఇడ్లీ అంగడి ఉండేది. కొండకు నడిచిపోయే భక్తులంతా ముందు చిన్నమ్మ ఇడ్లీలను దర్శించుకుని, ఆ బలంతో మెట్లెక్కి, స్వామిని రెండో దర్శనంగా చేసుకునేవారని నేనంటే మీరు నమ్మనక్కర్లేదు. నాకు ఎచ్చులు చెప్పే గుణం ఉంది. ఆవగింజ చేతికిస్తే గుమ్మడికాయ చేసి తిరిగిస్తాను. ఆ గుణంతో చాలామందిని నవ్వించాను. ఒక్కసారి మాత్రం ఒక తల్లిని ఏడిపించాను. ఇది ఆ ఒక్కసారి సంగతి.

చిన్నమ్మకు ముడుపుల మీద ఉన్న నమ్మకం మాత్రల మీదా మాస్టర్ల మీదా మనుషుల మీదా ఉండేది కాదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పరీక్ష ముంచుకొచ్చినా, పక్కింటి ఆవు పాలు ఎగబట్టినా, నడుం దగ్గర చెక్కుకున్న పసుపు గుడ్డ పేలిక ఒకటి బయటికి వచ్చేది. అందులో ఒక రూపాయి బిళ్ళ పెట్టి, మూడు ముళ్ళు బిగించి, "సామీ, ఇంక నువ్వే సూసుకో" అనేది. అంతటితో ఆమె పూచీ తీరిపోయేది, స్వామి పూచీ మొదలయ్యేది. మొక్కు తీరాక ముడుపును కొండమీద హుండీలో వేయాలి. ఈలోగా దాన్ని విప్పకూడదు. విప్పడమంటే ఇచ్చిన మాట వెనక్కి లాక్కోవడమే.

ఈ నియమం ఎంత గట్టిదో చెప్పాలంటే మా చిన్నాయన జ్వరం గురించి చెప్పాలి. తొంభైల్లో ఒకసారి ఆయనకు విషజ్వరం తగిలింది. ఆ కాక మీద పిండి రుద్ది ఉంటే దోసెలు కాలేవి. కంగారులో చిన్నమ్మ చేతికి అందిన వస్తువును ముడుపు కట్టేసింది. జ్వరం తగ్గి ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక తెలిసింది, ఆ వస్తువు బీరువా తాళంచెవి అని. ఆయన పంచెలన్నీ బీరువాలో ఉన్నాయి. మొక్కు తీర్చడానికి కొండకు కట్టుకుపోవాల్సిన పంచె కూడా అందులోనే ఉంది.

"ఆ ముడి ఇప్పవే" అన్నాడు చిన్నాయన, దుప్పటి కట్టుకుని.

"సామి సొత్తు నేనిప్పేదా? బీరువానే పగలగొట్టిస్తా ఉండు."

అన్నంత పనీ చేసింది. కమ్మరాయన వచ్చి సుత్తితో బీరువాను వాయించాడు. తాళంచెవి మాత్రం పసుపు గుడ్డలో పెళ్ళికూతురిలాగ కొండెక్కింది. ఆ తర్వాత చిన్నాయన పోయినా, ఆ బీరువా తలుపుకు కట్టిన తాడు మాత్రం పోలేదు.

చిన్నాయన పోయాక ఆమెకు మిగిలింది ఒక్క కూతురు. నాకు చెల్లెలు. ఆ అమ్మాయికి పెళ్ళై, మొగుడి ఉద్యోగం వల్ల హైదరాబాదులో ఉండేది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలి గనుక చిన్నమ్మ ఇంటికి సున్నం కొట్టించింది. బాలింతకని వెల్లుల్లి తెచ్చింది. ఆ వెల్లుల్లి చూస్తే తిరుపతిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒకేసారి నీళ్ళాడతారేమో అనిపించింది. అంతా సిద్ధమయ్యాక డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. కడుపులో బిడ్డ కొంచెం ఇబ్బందిగా ఉంది, మంచం దిగొద్దు అంది. సరే, కూతురు తల్లి దగ్గరికి రాలేకపోతే తల్లే కూతురి దగ్గరికి పోతుంది. నెల తిరిగేలోపల పోవడానికి రైలు టిక్కెట్టు కొన్నారు. వెల్లుల్లి సంచిలోకెక్కింది.

అప్పటికి రెండువేల నాలుగో అయిదో. అల్లుడు ఒక సెల్‌ఫోన్ పంపించాడు. సబ్బుబిళ్ళంత ఉండేది. పచ్చ బటన్ నొక్కితే ఎత్తడం, ఎర్ర బటన్ నొక్కితే పెట్టేయడం, చిన్నమ్మకు ఆ రెండే తెలుసు. అంగడి రొదలో వినిపించకపోయినా తెలిసేలాగ, మోగినప్పుడల్లా గజగజ వణికే ఏర్పాటు కూడా అల్లుడు చేసి పెట్టాడు.

మంచంలో పడుకున్న మా చెల్లెలికి భయం పట్టుకుంది. దిగులు కమ్మినప్పుడల్లా ఫోన్ చేసేది. ఒకరోజు తల్లి దగ్గర మాట తీసుకుంది. "నేను ఎప్పుడు చేసినా ఎత్తాల మా. ఏ పనిలో ఉన్నా ఎత్తాల."

"ఏ గడియలో చేసినా ఎత్తుతా మే. సామి మీద ఆన."

ఆ మాట చిన్నమ్మ నిలబెట్టుకున్న తీరు నేను కళ్ళారా చూశాను. స్నానానికి పోతే ఫోన్ గోడమీద కూర్చునేది. సబ్బు కళ్ళతో ఎత్తేది. పొయ్యి దగ్గర పిండి చేత్తోనే ఎత్తేది. అందువల్ల ఆ ఫోన్‌లోంచి ఇడ్లీ వాసన వచ్చేది. అవతల హైదరాబాదులో మా చెల్లెలికి కూడా ఆ వాసన తగిలి ఆకలి పుట్టేదని నేను వీధంతా ప్రచారం చేశాను.

రైలు ఇంకా వారం ఉందనగా, ఒకరోజు పదకొండు గంటలప్పుడు అల్లుడి ఫోన్ వచ్చింది. నొప్పులు మొదలైనాయి, ఆసుపత్రిలో చేర్చినాను అన్నాడు. చిన్నమ్మ ఇడ్లీ రేకులు కడుగుతోంది. రేకు చేతిలోనే పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"రైలు సాయంత్రం గాని లేదంట. నువ్వు ఇమానం ఎక్కినోడివి గదా. నన్ను తీసకపో నాయనా."

నేను విమానం ఎక్కిన మాట నిజం. ఒక్కసారి. ఆఫీసులో ఒక పెద్దాయన ఫైళ్ళు మోసుకుంటూ ఎక్కాను. కానీ ఆ ఒక్క ప్రయాణం గురించి నేను మా వీధిలో ఎన్నిసార్లు చెప్పానంటే, విమానాన్ని కనిపెట్టింది మా తాతగారేనని కొందరు అనుకునేవారు. ఆ గౌరవం నిలబెట్టుకోవాలి. మధ్యాహ్నం విమానానికి టిక్కెట్లు దొరికాయి. రేణిగుంటకు ఆటోలో బయల్దేరాం. చిన్నమ్మ ఒళ్ళో సంచి, చేతిలో ఫోన్.

దారిలో నేను నియమాలు చెప్పడం మొదలుపెట్టాను.

"విమానంలో ఫోను ఆపేయాల చిన్నమ్మా."

"యామాత్రం సేపు?"

"గంట. గంటంబావు."

"ఆ గంటలో బిడ్డ చేస్తే?"

"చేసినా రాదు."

"రాకుండా యాడికి పోతాది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒకామె భయంతో ఫోన్ చేస్తుంది. ఇవతల ఎత్తే దిక్కు లేదు. ఆ మోత ఎక్కడికి పోతుంది? తెలియదు అనే మాట నా నోట రాదు గనుక మాట మార్చాను.

"ఆపకపోతే ఏమైతాదో తెలుసునా? నీ ఫోను మోగితే ఆ మోత తీసకపోయి పైలట్ చెవిలో మోగతాది. ఆయన దిక్కు తప్పతాడు. హైదరాబాదులో దిగాల్సింది కొలంబోలో దిగతాది."

"అమ్మో! పైన ఉన్నంతసేపేనా, కింద గూడానా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆటోవాడు కూడా తల తిప్పి వింటున్నాడు. ఇద్దరు శ్రోతలు దొరికితే నా నాలుక ఆగదు.

"కిందే ఎక్కువ డేంజరు. సక్రాలుండేది నేలమీదే గదా? పోయిన తూరి ఒకాయన, దిగినాం లే అని ఫోను ఎత్తినాడు. అంతే. సక్రాలు పక్కకు తిరుక్కోని ఇమానం పోయి చెరుకు తోటలో దూరింది. అందరూ గడలు నములుకుంటా నడిచి వచ్చినారు."

ఆటోవాడు "అబ్బా!" అన్నాడు. చిన్నమ్మ నవ్వలేదు. ఫోన్ వైపు, అది ఏదో తెలియక తప్పు చేయబోయే పసిబిడ్డ అన్నట్టు చూసింది.

రెక్కలకు పంకాలున్న చిన్న విమానం అది. అరవైమంది పట్టేవాళ్ళు. చిన్నమ్మకు కిటికీ పక్క సీటు, నాకు దాని పక్కది. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వచ్చి, ఒళ్ళో సంచి ఉండకూడదని వచ్చీరాని తెలుగులో చెప్పి, దాన్ని తీసి పైన అరలో పెట్టింది. వెల్లుల్లి ఘాటుకు ఆ అమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. బెల్టు బిగించింది. తర్వాత మైకులో ప్రకటన వచ్చింది. సెల్‌ఫోన్లు, తక్కిన ఎలక్ట్రానిక్ సామాన్లు ఆపేయండి, విమానం దిగి పూర్తిగా నిలబడేవరకూ తెరవొద్దు అని దాని సారాంశం.

చిన్నమ్మ నన్ను చూసింది. "ఎట్లా ఆపేది?"

ఇక్కడ ఇంకొక నిజం ఒప్పుకోవాలి. నాకు అప్పటికి సెల్‌ఫోన్ లేదు. వీధి చివర రూపాయి డబ్బాయే నా ఫోన్. సెల్‌ఫోన్ నియమాలన్నీ నోటికొచ్చు గానీ, దాన్ని ఆపడం రాదు.

"ఎర్రది నొక్కు" అన్నాను, పైలట్‌కు కూడా పాఠం చెప్పగలిగేంత ధీమాగా.

చిన్నమ్మ ఎర్ర బటన్ ఒక్కసారి నొక్కింది. కాసేపటికి ఫోన్ ముఖంలో వెలుతురు ఆరిపోయింది. "నిద్రపోయింది" అంది. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వంగి చూసి, చీకటి ముఖం కనిపించేసరికి నవ్వి వెళ్ళిపోయింది. ఎర్రది చాలాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప ఆ ఫోన్ ఆగదని ఆ వరుసలో ఉన్న ఇద్దరికీ తెలియదు.

విమానం లేచింది. చిన్నమ్మ కిటికీలోంచి చూడనే లేదు. కొండను పైనుంచి చూసే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది, చూడు చూడు అని నేను మొత్తుకున్నా, ఆమె కళ్ళు ఒళ్ళో ఉన్న ఫోన్ మీదే. కొంతసేపటికి మబ్బులు తగిలాయి. విమానం గతుకుల రోడ్డులో పల్లెవెలుగు బస్సులాగ ఊగింది. చిన్నమ్మ పెదాలు కదిలాయి.

"అబ్బయా, పైనుండే సంచి తియ్యి. బిళ్ళ కావాల."

"ఇప్పుడు లేవకూడదు. బెల్టు తియ్యకూడదు."

"ఒక్క బిళ్ళ. ముడుపు కట్టాల. బిడ్డకు నొప్పులు వస్తా ఉండే గడియ ఇది."

"నా జేబులో చూస్తా ఉండు" అని తడుముకున్నాను. జేబులో బోర్డింగ్ కాగితం, ఒక చాక్లెట్ ఉన్నాయి. బెల్టు కింద బిగుసుకుపోయిన లోపలి జేబులోంచి ఏదైనా తీయాలంటే నన్ను కోయాలి. నేను అటు తిరిగి మెలికలు తిరుగుతున్నంతలో, పక్కన పని జరిగిపోయింది. నడుం దగ్గరి పసుపు గుడ్డ బయటికొచ్చింది. ఫోన్ అందులోకి వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు ముళ్ళు. చిన్నమ్మ ముళ్ళు.

"చిన్నమ్మా! అది ఫోను!"

"తెలుసులే. చేతిలో ఇదే ఉండాది."

"దాన్ని ఎట్లా..."

"నన్ను మాట్లాడకూడదన్నారు గదా? నేను మాట్లాడకూడని ఈ గంటలో బిడ్డతో ఆయన మాట్లాడనీ." మూటను కళ్ళకద్దుకుంది. "సామీ, తల్లీ బిడ్డా రెండు పానాలూ సల్లంగా బయటపడితే ఇది నీదే."

ఆమె అంతకుముందు ఎప్పుడూ ఇంత విలువైన వస్తువును కట్టలేదు. బీరువా తాళంచెవి దీని ముందు దిగదుడుపు.

గంట గడిచింది. విమానం కిందికి దిగింది. చక్రాలు నేలకు తగిలి ఒక్క కుదుపు కుదిపాయి. ఇంకా పరుగు పూర్తి కాలేదు. అప్పుడు చిన్నమ్మ ఒళ్ళో మూట మోగింది.

గొంతులో కండువా కుక్కినవాడు పాడినట్టు వచ్చింది మోత. మూట వణికింది. అరవై తలలు ఒకేసారి తిరిగాయి. ఎదురుగా తన కుర్చీలో బెల్టు కట్టుకుని కూర్చున్న ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వద్దు వద్దని చెయ్యూపింది. చిన్నమ్మ ముఖంలో నెత్తురు లేదు.

"నిద్రపోలేదా ఇది?"

"ఎత్తు చిన్నమ్మా. చెల్లెలేమో! ముడి ఇప్పి ఎత్తు."

"సక్రాలు ఇంకా తిరగతా ఉండాయి రా."

"ఏం కాదు. ఎత్తు."

"నువ్వే గదరా చెప్పినావు? నేలమీదే ఎక్కువ డేంజరని. చెరుకు తోటలో..."

"అది నేను ఎచ్చులకు చెప్పినా చిన్నమ్మా! తోటా లేదు, ఏమీ లేదు."

ఆమె నన్ను చూసింది. ఏది ఎచ్చో ఏది నిజమో ఆ నిమిషంలో ఎట్లా తేల్చుకుంటుంది? ముప్పై ఏళ్ళుగా వింటోంది నన్ను. ఎదురుగా యూనిఫారం వేసుకున్న పిల్ల వద్దంటోంది. చక్రాలు తిరుగుతున్నాయి.

"నీది ఎచ్చే కావచ్చు. ఆ పాప గూడా వద్దంటా ఉండాది గదా. ఇంతమంది ఉండారు. ఈళ్ళ బిడ్డలు గూడా ఇండ్లకాడ ఎదురుసూస్తా ఉంటారు."

రెండు చేతులతో మూటను అదిమి పట్టుకుంది. గట్టిగా కాదు. ఇడ్లీని రేకులోంచి తీసేటప్పుడు ఎట్లా పట్టుకుంటుందో అట్లా. అది మోగుతోంది, వణుకుతోంది, దాని వణుకుకు ఆమె గాజులు చిన్నగా టకటకలాడుతున్నాయి. ఆగింది. హమ్మయ్య అనుకునేలోపల మళ్ళీ మోగింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు. చిన్నమ్మ కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చి పసుపు గుడ్డ మీద పడ్డాయి. ఏ గడియలో చేసినా ఎత్తుతానని స్వామి మీద ఆన పెట్టిన మనిషి, ఎవరో ముక్కూ మొహం తెలియని అరవైమంది కోసం ఎత్తకుండా కూర్చుంది. వాళ్ళకు ఏ ప్రమాదమూ లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట ఎవరికీ నమ్మకంగా చెప్పలేకపోయినవాణ్ణి కూడా నేనే.

విమానం నిలబడింది. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి తిట్టడానికే అన్నట్టు లేచి వచ్చింది. చిన్నమ్మ ముఖం చూసి ఆగిపోయింది. కూతురికి కాన్పు అని నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి పక్కన వంగి, "ఇప్పుడు మాట్లాడొచ్చు అమ్మా. ఇప్పుడు పర్వాలేదు" అంది.

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "మీ రూలు అయిపోయింది పాపా. ఆయన రూలు ఉండాది."

బేగంపేటలో బయటికొచ్చేదాకా బతిమాలుతూనే ఉన్నాను. ముడి విప్పు, మళ్ళీ కట్టుకుందువుగాని. వద్దంది. పోనీ ఇంకెవరి ఫోన్‌లోంచైనా చేద్దామంటే అల్లుడి నంబరు ఆ మూటలో ఉంది. నాకు గుర్తు లేదు. మా వీధిలో అందరి ఇంటి గొడవలూ కంఠతా వచ్చు గాని, ఒక్క నంబరు రాదు. ఆసుపత్రి పేరు రాసిన చీటీ సంచిలో ఉండటం ఒక్కటే అదృష్టం. టాక్సీ ఎక్కాం.

టాక్సీలో ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ట్రాఫిక్‌లో బండి నిలబడినప్పుడు మూట మళ్ళీ మోగింది. ఇద్దరం ఒకేసారి దాన్ని చూశాం.

"చిన్నమ్మా, ముడి ఇప్పొద్దు. గుడ్డ మీదనే నొక్కు. లోపల పచ్చది నొక్కుకుంటాది. ముడి ముడిగానే ఉంటాది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. పెద్ద పెద్ద కోర్టులు నెలల తరబడి తేల్చలేని సంగతి అది. "ముడి ఇప్పకుండా ఉంటే తప్పు లేదు" అని తీర్పు చెప్పేసింది.

"ఏది పచ్చది, ఏది ఎర్రదో పైనించి తెలుస్తాదా? తప్పు నొక్కితే కట్ అయిపోతాది."

"గుడ్డ మీద చెయ్యి పెట్టి ఇడ్లీ ఉడికిందో లేదో చెప్పేదాన్ని. ఇదొక లెక్కా?"

బొటనవేలితో ఒకసారి తడిమింది. నొక్కింది. మోత ఆగింది. మూటను చెవికి ఆనించుకుంది. నేను కూడా ఇటువైపు నా చెవి ఆనించాను. పసుపు వాసన, దాని కింద ఇడ్లీ వాసన, వాటి కింద ఎక్కడో బావిలోంచి అల్లుడి గొంతు.

"అత్తా... యాడుండారు? బిడ్డ గుండె కొట్టుకునేది తగ్గతా ఉండాదని ఆపరేషన్‌కు తీసకపోయినారు. లోపలికి పోయే ముందు నీకే చేసింది అత్తా. రెండు తూర్లు చేసింది. నువ్వు ఎత్తలేదంట. ఏడుస్తా పోయింది."

"వస్తా ఉండాం నాయనా" అంది చిన్నమ్మ. గుడ్డ లోపలికి ఆ మాట చేరిందో లేదో తెలియదు. లైను తెగిపోయింది.

మూట ఒళ్ళో పెట్టుకుంది. "రెండు తూర్లూ బిడ్డే" అంది, నాతో కాదు.

ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఇట్లాంటి ఆపరేషన్లు రోజుకు లక్ష జరుగుతాయి, ఆ డాక్టరమ్మ చేతిలో ఒక్కటీ తప్పిపోలేదు, పక్క రాష్ట్రాలనుంచి రైళ్ళు వేసుకుని వస్తారు. ఇట్లాంటివి నా దగ్గర కావలసినన్ని ఉంటాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ రోజు హైదరాబాదు రోడ్లమీద నేను చెప్పిన మాటల్లో ఎచ్చు లేని మాట ఒక్కటే. "నా తప్పు చిన్నమ్మా."

ఆమె నా వైపు తిరగలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి తీసేసింది.

ఆ ముడుపు గురించి ఇక్కడే చెప్పేస్తాను. కాన్పైన అయిదో నెలలో కొండకు పోయినప్పుడు గుడి దగ్గర కాపలా ఆయన, సెల్‌ఫోన్ లోపలికి పోకూడదు, కౌంటర్లో ఇవ్వాల్సిందే అన్నాడు. "ఇది ఫోను గాదప్పా, ముడుపు" అంది చిన్నమ్మ. ఇద్దరికీ పదిహేను నిమిషాలు వాదన జరిగింది. చివరికి ఆయన పెద్దాఫీసరును పిలిచాడు. ఆయన మూటను అటూ ఇటూ తిప్పి, మూడు ముళ్ళనూ చూసి, "ఇది ఇప్పేది మన వల్ల కాదు, ఒక మనిషిని తోడిచ్చి పంపండి" అన్నాడు. దాంట్లో ఉన్న నంబర్లైనా తీసుకోనీ అత్తా అని అల్లుడు క్యూలో నిలబడి చివరిదాకా ప్రాధేయపడ్డాడు. కుదరలేదు.

ఇంక మళ్ళీ ఆ రోజుకు వస్తాను. ఆసుపత్రిలో మూడో అంతస్తు. ఆపరేషన్ గది తలుపు ముందు బల్ల మీద అల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. చిన్నమ్మను కూర్చోమంటే కూర్చోలేదు. తలుపుకు ఎంత దగ్గరగా నిలబడవచ్చో అంత దగ్గరగా, మూట పట్టుకుని నిలబడింది. ఆ తలుపు మీద ఒక గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి ఏమీ కనపడదు. అయినా చూసింది.

ఎంతసేపో గడియారం చూడలేదు. నన్నడిగితే ఒక యుగం అంటాను. అల్లుడు తర్వాత ఇరవై నిమిషాలన్నాడు.

తలుపు తెరుచుకుని నర్సమ్మ వచ్చింది. ఆడపిల్ల అంది. తల్లి బాగుంది అంది. బిడ్డ మొదట ఏడవలేదు గాని ఇప్పుడు ఏడ్చింది, కాసేపు అద్దాల పెట్టెలో పెడతాం, భయం లేదు అంది. చిన్నమ్మ నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అరుపు గట్టిగా ఉండాదా?" అని అడిగింది. "పైన మేడ మీదికి వినిపించింది" అంది నర్సమ్మ. ఆమె కూడా నా జాతి మనిషే అనిపించింది, ఆ మాటకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి మా చెల్లెల్ని గదిలోకి తెచ్చారు. పెదాలు ఎండిపోయి, సగం నిద్రలో ఉంది. తల్లిని చూసింది. చాలాసేపు చూసింది. బిడ్డ గురించి అడుగుతుందనుకున్నాం.

"ఎత్తలేదేం మా?"

నేను ముందుకొచ్చాను. "తప్పంతా నాది. నేనే ఇమానంలో..."

"నువ్వు గమ్మునుండు" అంది చిన్నమ్మ. మంచం అంచున కూర్చుంది. ముడుపును కూతురి అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"మోగింది మే. రెండు తూర్లూ నా చేతుల్లోనే మోగింది. ఎత్తే వీల్లేకపోయింది. ఇదో, ఇట్లా పట్టుకోని కూచోనుంటి. వణికిపోతా ఉన్నింది."

"నేనని తెలిసిందా?"

"ఇంకెవురు వణుకుతారు అంతగా?"

చెల్లెలి వేళ్ళు ముళ్ళ మీద కదిలాయి. "ఏం లేదు మా. భయంగా ఉండాదని చెప్దామనుకుంటి. అంతే."

"తెలిసింది లే."

"ఎత్తకుండానే?"

"ఎత్తలేదు గాని వదల్లేదు గదా."

అవతలి గదిలోంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. మాదా, వేరే వాళ్ళదా అని అల్లుడు తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టాడు.

"ఎత్తుంటే ఏం చెప్పేదానివి మా?" అంది చెల్లెలు.

ధైర్యం చెప్పేదాన్ని, స్వామి ఉన్నాడనేదాన్ని అంటుందనుకున్నాను. చిన్నమ్మ నిజంగానే ఆలోచించింది. ముక్కు తుడుచుకుంది.

"నాకు గూడా భయంగా ఉండాదనేదాన్ని."

"అయితే ఎత్తకపోయిందే మేలు" అని మా చెల్లెలు నవ్వబోయి, కడుపు పట్టుకుంది. "నవ్వించొద్దు మా, కుట్లు!"